కంప్యూటరు రాసే డైరీ

కంప్యూటరు డైరీ రాసుకుంటుందంటే మీరు నవ్వుతారేమో. నిజంగానే రాసుకుంటుందండీ! ఎవరు తలుపు తట్టారు, ఎవరిని లోపలికి రానిచ్చాను, ఏ పని మధ్యలో ఆగిపోయింది – అన్నీ గంట, నిమిషం, సెకనుతో సహా. మన పాలపద్దు దాని ముందు ఎందుకూ కొరగాదు. ఆ డైరీని లాగ్ అంటారట. పూర్వం ఓడవాళ్ళు ముడులు వేసిన తాడుకి చెక్కముక్క కట్టి సముద్రంలో వదిలి, ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టి ఓడ వేగం తెలుసుకునేవారు. ఆ చెక్కే లాగ్. ఆ లెక్క రాసిన పుస్తకం లాగ్‌బుక్. పేరు అక్కణ్ణించి వచ్చింది.

ఇదంతా మా కోడలు చెప్పింది. హైదరాబాదులో ఓ కంపెనీ కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండటం ఆ పిల్ల ఉద్యోగం.

చిక్కేమిటంటే ఈ డైరీకి ఆఖరిపేజీ అంటూ లేదు. ఎవరూ పట్టించుకోకపోతే రాసుకుంటూనే పోతుంది. ఓ రాత్రి వాళ్ళ కంపెనీలో ఒక ప్రోగ్రాముకి ఏదో తిక్క పుట్టి, ఒకే ఫిర్యాదును తెల్లవార్లూ లక్షలసార్లు రాసింది. డిస్కు నిండిపోయింది. జాగా లేక అసలు పనే ఆగిపోయింది – పద్దుపుస్తకాలతో వంటిల్లు నిండి పొయ్యి వెలిగించడానికి చోటు లేనట్టు!

కంగారులో తోటి ఉద్యోగి ఒకాయన ఆ డైరీ కాస్తా చెరిపేశాడు. అయినా జాగా తిరిగి రాలేదు. లినక్స్ కంప్యూటర్లలో ఫైలు పేరు చెరిపినా, ప్రోగ్రాము దాన్ని తెరిచి పట్టుకున్నంతసేపూ జాగా ఖాళీ అవదట. చివరికి ప్రోగ్రామును ఆపి మళ్ళీ మొదలుపెడితే జాగా వచ్చింది. కానీ తిక్క ఎందుకు పుట్టిందో రాసి ఉన్న మొదటి పేజీ దానితోపాటే పోయింది. "ఉన్న ఒక్క సాక్షినీ మేమే పంపించేశాం అత్తయ్యా" అని మా కోడలు ఆ రోజంతా సరిగ్గా అన్నం తినలేదు.

తరువాతి ఆదివారం ల్యాప్‌టాప్ ముందేసుకుని కొత్త ఏర్పాటు మొదలుపెట్టింది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ పక్కనే కూర్చున్నాను. లాగ్‌రొటేట్ అని ఒక ప్రోగ్రాము ఉందిట. దానికి నాలుగైదు మాటలు రాసిపెడితే చాలు. వారానికోసారి పాత డైరీకి ఒకటో నంబరు వేసి పక్కనపెట్టి, కొత్తది తెరుస్తుంది. మరుసటి వారం ఆ ఒకటి రెండవుతుంది, తరువాత మూడవుతుంది. మామూలుగా నాలుగు ఉంచి, అంతకన్నా పాతది పారేస్తుంది. కావాలంటే పాతవాటిని, మనం రగ్గులు మూటకట్టినట్టు, నొక్కి చిన్నవి చేస్తుంది.

"ఇంతేనా? ఇది నేనూ చెయ్యగలనే!" అన్నాను.

"ఇంతే అయితే బాగుండును అత్తయ్యా! పేరు మార్చినా ప్రోగ్రాము పాతదాంట్లోనే రాస్తూ కూర్చుంటుంది. కొత్తది తెరిచాం, ఇక ఇందులో రాయమని దానికి కబురు పెట్టాలి."

పంచదార డబ్బా మార్చాక వారం రోజులపాటు మావారి చెయ్యి పాతడబ్బాలోకే వెళ్ళడం గుర్తొచ్చింది.

మరి వారంలోపే నిండిపోతే? ఇంత సైజు దాటితే వారం ఆగకు అని రాయొచ్చుట. కానీ లాగ్‌రొటేట్ మామూలుగా రోజుకోసారే వస్తుంది. వచ్చినప్పుడే గదా చూసేది! అందుకని గంటగంటకీ వచ్చేట్టు చేసింది.

ఇక ఎన్నాళ్ళు ఉంచాలన్నది అసలు ప్రశ్న. సర్ట్-ఇన్ అనే కేంద్రప్రభుత్వ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. నాలుగు వారాలు ఏ మూలకి? నాలుగు కొట్టేసి 26 వేసింది. అంటే 182 రోజులు. సైజు దాటి ముందే మారితే ఈ లెక్క తప్పుతుంది గనక, ఒక నకలు వేరే కంప్యూటరుకి వెళ్ళే ఏర్పాటూ చేసింది.

ఆర్నెల్లెందుకూ అంటారా? దొంగ వచ్చిన సంగతి ఆరోజే తెలియదు గదా! 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీలో కంప్యూటరు వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. ముక్కాలు డాలరు! క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు దాన్ని పోనీలే అనుకోలేదు. ఆ తీగ లాగితే, జర్మనీలో కూర్చుని అమెరికా సైనిక కంప్యూటర్లలోకి చొరబడుతున్న మనిషి బయటపడ్డాడు. ఆ పద్దే లేకపోతే తేడా ఎవరికి కనబడేది?

అలాగని అన్నీ రాయించడమూ మంచిది కాదుట. పాస్‌వర్డులూ, ఒకరి సొంత విషయాలూ డైరీలో పడితే, అది దొరికినవాడి చేతికి తాళంచెవులిచ్చినట్టే. అటువంటివి మొదట్లోనే రాయకుండా ఆపాలి.

మనం ఇళ్ళల్లో ఏం చేస్తాం? అటక నిండాక, పండగ ముందు, విసుగులో సర్దుతాం. ఆ విసుగులో ఇంటిపన్ను రశీదు చిత్తుకాగితాల్లోకి పోతుంది. పదేళ్ళనాటి శుభలేఖలు భద్రంగా మిగుల్తాయి. ఏది ఎన్నాళ్ళు ఉంచాలో తీరిగ్గా ఉన్నప్పుడే అనుకుని పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. అందుకని నేనూ కవర్ల మీద "ఫలానా సంవత్సరం దాకా" అని రాయడం మొదలుపెట్టాను. మావారి రశీదుల సంచీ మీద కూడా రాయబోతే, "ఉండు, ఆలోచించి చెప్తాను" అన్నారు.

ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.