ఏడిళ్ళకి ఒక బోరు

రోటోరువాలో ఉంటున్నామని చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి మాట, "ఆ వాసన ఎలా భరిస్తున్నారండీ?" అని. పది రోజులుంటే ముక్కు అలవాటు పడిపోతుంది. అలవాటు పడనిది వెండి. పెళ్ళిలో పెట్టిన కుందులు, పాప పట్టీలు, కుంకుమ భరిణె, ఏదీ ఎక్కువ రోజులు తెల్లగా ఉండదు. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ వెండిని పట్టుకుని నల్లటి సిల్వర్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. బీఎస్సీ కెమిస్ట్రీ ఈ దేశంలో నాకు మొదట పనికొచ్చింది పూజ గదిలోనే. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంట సోడా చల్లి, మరిగే నీళ్ళు పోసి వాటిని ముంచితే చాలు. మీ ఇళ్ళలోనూ పనిచేస్తుంది, చేసి చూడండి.

ఆ వాసనతో పాటు వచ్చే వేడి గురించి మాత్రం ఎవరూ అడగరు. న్యూజీలాండ్ ఇళ్ళ సంగతి ఇక్కడ ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. బయట ఎండలో నిలబడితే స్వెట్టర్ తీసేయాలనిపిస్తుంది, లోపలికొస్తే శాలువా కప్పుకోవాలి. మేం ఆక్లండ్‌లో అద్దెకున్న మొదటి రెండు చలికాలాలూ పాపకి దగ్గు తగ్గిందే లేదు. పొద్దున్నే కిటికీ అద్దాల మీద నీళ్ళు తుడవడం, కర్టెన్ల వెనక నల్లటి బూజు గీకడం, అదే నా ఉద్యోగం. అద్దె ఇళ్ళ హాల్లో 18 డిగ్రీల వేడి ఇచ్చే ఏర్పాటు ఉండాలన్న నిబంధన 2025 జులై 1 నుంచి అందరికీ తప్పనిసరైంది. మంచిదే, కానీ ఆ హీటర్‌కి కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్ళే.

ఇప్పుడు మేం కొనుక్కున్న ఇంట్లో గోడవారగా రేడియేటర్లున్నాయి. వాటిలో తిరిగే నీళ్ళు భూమి వేడితో కాగినవి. జులై నెలలో కూడా ఇడ్లీ పిండి రాత్రికి రాత్రే పొంగుతుంది. మా అత్తమ్మ వచ్చినప్పుడు, "ఇదేం ఇల్లమ్మా, ఏప్రిల్లో మన ఊరిలా ఉంది" అంది. పాప దగ్గు మందు సీసా మూత తీయకుండానే ఎక్స్‌పైరీ దాటిపోయింది.

ఈ వేడి మా ఒక్కరిది కాదు. వీధి చివరింటి పెరట్లో ఒక బోరుంది, వంద మీటర్లు దాటిన లోతు. దాని మీద ఏడిళ్ళు బతుకుతున్నాయి. వేడినీళ్ళ గిన్నెలో పాలసీసా పెట్టి గోరువెచ్చ చేస్తాం కదా, అదే పద్ధతి. కింది నుంచి వచ్చే ఖనిజాల నీళ్ళు ఒక పెట్టెలోకి వచ్చి, వేరే గొట్టంలోని మంచినీళ్ళకి తమ వేడినిచ్చి, మళ్ళీ భూమిలోకే వెళ్ళిపోతాయి. ఇళ్ళలో తిరిగేది ఆ మంచినీళ్ళే. రెండు నీళ్ళూ కలవవు.

పోయిన సంవత్సరం ఆ బోరు గొట్టం తుప్పు పట్టిందని తేలింది. కెటిల్ అడుగున తెల్లగా పేరుకున్నట్టు లోపల సున్నం కూడా పేరుకుంది. కొత్త బోరు వేయాలంటే ఒక్కో ఇంటి వాటా మా ఆయన రెండు నెలల జీతం పైనే. మా ఆయనకి ఆ వారం నైట్ షిఫ్టులు, అందుకని మీటింగుకి నేనే వెళ్ళాను. ఒకరింటి గ్యారేజీలో, మడత కుర్చీల మీద.

ఒకాయన హీట్ పంప్ పెట్టేసుకుంటానన్నాడు. ఆయన తప్పుకుంటే మిగతా ఆరుగురి వాటా పెరుగుతుంది. ఒక ఇంటి యజమాని ఆక్లండ్‌లో ఉంటాడు, ఇక్కడ చలేసేది అద్దెకున్నవాళ్ళకి. మా పక్కింటావిడకి 80 దాటాయి, ఒక్కతే ఉంటుంది, పింఛను మీద బతుకుతుంది. "అంత డబ్బు నాకు ఒకేసారి రాదు" అని మెల్లగా చెప్పి, అందరికీ తనే చేసి తెచ్చిన బిస్కెట్లు పంచింది. ఎవరం తలెత్తలేదు.

ఇంటికొచ్చాక ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఇక్కడ భూగర్భ వేడి మీద హక్కుని 1953 చట్టంతో ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. 1967లో రోటోరువా కోసమే ఒక ప్రత్యేక చట్టం చేసి, ఊళ్ళో బోర్లని అదుపు చేసే అధికారం నగర కౌన్సిల్‌కి ఇచ్చింది. కౌన్సిల్ ఆ అధికారాన్ని గట్టిగా వాడలేదు. ఎలా వాడుతుంది, బోర్లున్నవాళ్ళే కదా ఓట్లేసేది! ఎవరి పెరట్లో వాళ్ళు బోరేసుకున్నారు. చాలామంది వాడిన నీళ్ళని తిరిగి లోతుకి పంపకుండా ఇంకుడు గుంటల్లోకి వదిలేశారు.

దాని దెబ్బ ఫాకరేవరేవ గీజర్ల మీద పడింది. అక్కడి మావోరీలు తరతరాలుగా ఆ ఆవిరి మీదే వండుకుంటారు, ఆ వేడి మడుగుల్లోనే అందరూ కలిసి స్నానాలు చేస్తారు. ఉమ్మడి వేడి అంటే ఏమిటో ఈ ఊళ్ళో వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1979లో పాపకురా గీజర్ ఆగిపోయింది. చివరికి 1986లో వెల్లింగ్టన్ ప్రభుత్వమే దిగివచ్చి, పోహుటు గీజర్ చుట్టూ 1.5 కిలోమీటర్ల లోపలి బోర్లన్నీ మూయించింది, మిగతావాటికి రుసుము పెట్టింది. జనం గొడవ చేశారు. కానీ నేలలో నీటి మట్టం పెరిగింది. 2015లో పాపకురా మళ్ళీ చిమ్మింది.

ఇది చదువుతుంటే నాకు పగిడేరు గుర్తొచ్చింది. మాది కొత్తగూడెం. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోర్ల నుంచి మోటారు లేకుండానే వేడినీళ్ళు పొంగుతాయి. సింగరేణి అక్కడ 20 కిలోవాట్ల చిన్న కరెంటు ప్లాంటు కూడా ప్రయోగంగా పెట్టింది. మన ఎండల్లో ఇళ్ళకి వేడి ఎవరికి కావాలిలెండి. అయినా సింగరేణి కాలనీలో పెరిగినదాన్ని, నీళ్ళూ కరెంటూ ఒకచోటి నుంచి అందరి క్వార్టర్లకీ రావడం నాకు వింతగా తోచదు.

ఇప్పుడు బోరుకి అనుమతిచ్చేది బే ఆఫ్ ప్లెంటీ ప్రాంతీయ కౌన్సిల్. ఎంత తోడాలో, ఎలా వెనక్కి పంపాలో వాళ్ళ చేతిలో ఉంది. నీళ్ళ గొట్టాలు వేసేది వేరే కౌన్సిల్. 1967లో లేని ఈ విభజన నాకు నచ్చింది. కాపలా ఒకరిది, గొట్టాలు మరొకరివి. మరి వేడి గొట్టాలు కూడా ఆ రెండో కౌన్సిల్ ఎందుకు వేయకూడదు? 2002 స్థానిక ప్రభుత్వ చట్టం కౌన్సిళ్ళకి దాదాపు ఏ పనైనా చేపట్టే అధికారం ఇచ్చింది. డబ్బుకీ దారి ఉంది. ఖర్చు ముందు కౌన్సిల్ పెట్టి, లాభం పొందే ఇళ్ళ నుంచే ప్రత్యేక పన్నుగా కొన్నేళ్ళపాటు వసూలు చేసుకోవచ్చు. వెల్లింగ్టన్ ప్రాంతీయ కౌన్సిల్ ఇళ్ళకి ఇన్సులేషన్ వేయించుకోవడానికి అలాగే డబ్బిచ్చింది. బాకీ మనిషి మీద కాక ఇంటి మీద ఉంటుంది. మా పక్కింటావిడ ఒకేసారి కట్టక్కర్లేదు, ఆవిడ తర్వాత ఆ ఇంట్లో ఉండేవాళ్ళు మిగతాది కడతారు. రెయిక్యావిక్ నగరం 1930లోనే ఊటల నుంచి గొట్టాలు వేసింది. డెన్మార్క్ 1979లో చట్టం చేసి, ఏ పేటకి ఎలా వేడి అందాలో నిర్ణయించే పని ఊరి పాలకులకే అప్పగించింది.

మా ఆయన అంతా విని, "ఏడిళ్ళ కోసం ఊరంతా అప్పు పూచీ పడాలా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఇప్పటికే కౌన్సిల్ పన్నులు ఎక్కువయ్యాయని అందరూ మొత్తుకుంటున్నారు. కానీ ఇక్కడ ఇలా కలిసి వాడుకునే బోర్లు మావొక్కటే కాదు. ఒక్కొక్కటీ పాతబడి ఆగిపోతే, కాళ్ళ కింద వేడి పెట్టుకుని ఊరంతా కరెంటు కోసం చేయి చాస్తుంది. ఊరు పూచీ పడాల్సినంత పెద్ద విషయమే ఇది అని నేనంటాను.

కౌన్సిల్ వార్షిక ప్రణాళిక మీద ప్రజల అభిప్రాయాలు అడిగారు. నేను రెండు పేజీలు రాశాను, గ్యారేజీ వాళ్ళందరికీ చూపించాను. హీట్ పంప్ అన్నాయన రెండు లెక్కలు దిద్ది, సంతకం పెట్టాడు. పక్కింటావిడ అద్దాలు పెట్టుకుని ప్రతి వాక్యం చదివి, నా ఇంగ్లీషులో మూడు కామాలు తీసేసింది. మా ఇంటితో కలిపి ఆరు సంతకాలయ్యాయి. ఆక్లండ్ యజమాని ఈమెయిల్‌కి జవాబివ్వలేదు. గడువు వచ్చే శుక్రవారం, ఈలోపు ఫోన్ చేసి చూస్తాను.