అట్టముక్క మీద నాలుగు మాటలు

తెలుగు ఎమ్మే చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్న పాపానికి, మా తిరుపతిలో తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఏ శుభకార్యం జరిగినా శుభలేఖ రాయించుకోవడానికి నా దగ్గరికే వస్తారు. సన్మానపత్రాల సంగతి సరేసరి. రిటైరవుతున్న గుమాస్తాగారిని అపర బృహస్పతిని చేయడం నాకు కాఫీ తాగినంత సులువు. ఆ ధీమాతోనే కిందటేడు సంక్రాంతి ముందు ఒక తెలివితక్కువ పని చేశాను.

పదేళ్ళ కిందట నా దగ్గర డిగ్రీ చదివిన అమ్మాయి ఒకతె శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకుని, దాన్నే బతుకుతెరువు చేసుకుంది. ఆమె భర్తకు ఆ మధ్యనే ఉద్యోగం పోయింది. ఇద్దరు పిల్లలు. హైదరాబాదులో పదిరోజుల ఎగ్జిబిషన్‌లో స్టాలు దొరికిందని చెప్పడానికి వచ్చింది.

"సార్, గుడ్డల పక్కన పెట్టేదానికి ఒక అట్టమీద నన్ను గురించీ, నా పనిని గురించీ నాలుగు మాటలు రాసివ్వండి. చదివితే కొనాలనిపించాల" అంది. లేచి వెళ్ళబోతూ, "ఈసారి కూడా పోకపోతే బట్టల కొట్లో పనికి కుదురుకుంటా సార్" అంది. నవ్వుతూనే అంది గాని, అది నవ్వు కాదు.

ఆ రాత్రే రాసేశాను. సమాసం మీద సమాసం! సంస్కృతీ సౌరభాలూ, కమనీయ రేఖా విలాసాలూ, ఏడు తరాలుగా వంశపారంపర్యంగా ప్రవహిస్తున్న కళాస్రవంతీ... మా ఆవిడకు చదివి వినిపించాను. "బాగానే వుంది గాని, ఇంతకీ ఆ పిల్ల అమ్మేది ఏమిటండీ?" అంది. ఆడవాళ్ళకు సాహిత్యం ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. (ఈ వాక్యం ఆవిడ చదవకుండా ఉంటే బాగుండును.)

మర్నాడు ఆ అమ్మాయి కాగితం రెండుసార్లు చదువుకుంది.

"సార్, ఆ ఏడు తరాలు తీసేయండి. మా నాయన రైసుమిల్లులో మూటలు తూచేవాడు."

"అందరూ రాసుకునేదేనమ్మా. ఎవరు లెక్కపెట్టొచ్చారు?" అన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, అన్నమాట నిజమే.

"తరతరాలుగా చేసేవాళ్ళు పక్క స్టాల్లోనే ఉంటారు సార్. వాళ్ళ ఎదురుగా ఈ అట్ట ఎట్ల నిలబెట్టేది?"

ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పిన నాకు జవాబు తోచలేదు. ఆదివారం బస్సెక్కి కాళహస్తి వెళ్ళాను.

గుమ్మంలో అడుగు పెట్టగానే పాలవాసన. నేత గుడ్డను ఉతికి గంజి వదిలించి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేస్తారు. ఆ పాల జిడ్డువల్లే గీసిన గీత పక్కలకు పాకకుండా నిలుస్తుందట. మూలనున్న కుండలో తుప్పుపట్టిన మేకులూ, బెల్లమూ నీళ్ళలో మూడువారాలుగా ఊరుతున్నాయి. దాని పేరు కసిమి. కొస చెక్కిన వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగించిన కలాన్ని అందులో ముంచి, గుడ్డ మీద ఒక్క గీత లాగింది. వెలవెలబోతూ పడ్డ గీత నేను చూస్తుండగానే కాటుకలా నల్లబడింది. ఇనుమూ, కరక్కాయ వగరూ కలిస్తే అంతేనట. ఎరుపు కావలసిన చోట ముందు పటిక రాస్తుంది. ఆ తరువాత గుడ్డను మంజిష్ఠ వంటి వేరుతో ఉడకబెడితే, పటిక రాసినచోటే ఎరుపు పట్టుకుంటుంది. మధ్య మధ్య పారేనీళ్ళలో ఉతుకులు. స్వర్ణముఖిలో నీళ్ళుంటే నదిలో, లేకుంటే బోరు దగ్గర.

జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ తెచ్చిపెట్టిన పని ఇది. పెడన, మచిలీపట్నం వైపు కలంకారీని చెక్క అచ్చులతో అద్దుతారు. అదీ కష్టమైన పనే. ఈ రెండింటి పేరు చెప్పుకుని మరమీద అచ్చేసిన గుడ్డలు ఆరువందలకు దొరుకుతుంటే, ఈ అమ్మాయి తన గుడ్డకు ఆరువేలు చెబుతోంది. కొనేవాళ్ళు ఎందుకని అడగరూ? ఆ ఎందుకుకి జవాబు నా సమాసాల్లో ఎక్కడా లేదు.

ఆమె చెబుతూ ఉంటే రాసుకున్నాను. ఈ పని ఇరవై రెండో ఏట నేర్చుకున్నానని మొదటి వాక్యం. గీతలన్నీ కలంతో చేత్తో గీసినవే, అందుకే రెండు నెమళ్ళ మెడలూ ఒక్కలా ఉండవని రెండోది. ఈ గుడ్డకు పందొమ్మిది రోజులు పట్టిందని మూడోది. నేను ఊరుకోలేక భర్త ఉద్యోగం సంగతి కూడా చేర్చాను. ఆమె నా చేతిలో కలం తీసుకుని కొట్టేసింది. "అది గుడ్డలో లేదు కద సార్" అంది. దాని బదులు, కొత్తలో పాలవాసన వస్తుందనీ, రెండు మూడు ఉతుకుల్లో పోతుందనీ రాయమంది.

"లోపం మనమే చెప్పుకుంటామా అమ్మా?"

"ఇంటికి పోయినాక వాసనొస్తే మోసం అనుకుంటారు సార్."

ఎగ్జిబిషన్ ఆఖరురోజున హైదరాబాదు నుంచి ఫోను చేసింది. తీసుకెళ్ళినవి పదహారు. పదకొండు పోయాయట, ఐదు మిగిలాయట. "అట్ట చదివినోళ్ళంతా గుడ్డ ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంటా ఉండారు సార్!" అని ఒకటే నవ్వు. బట్టల కొట్టు మాట ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.

నేనూ ఒక పుస్తకం అచ్చేయించుకున్నవాణ్ణే. పద్యాల సంపుటి. వెనక అట్టమీద ఈ కవిగారి గురించి ఉన్న పొగడ్తంతా నేను రాసుకున్నదే. కింద సంతకం మాత్రం ప్రకాశకులది. మూడువందల పైచిలుకు ప్రతులు మంచం కింద ఇంకా ఉన్నాయి. మొన్న దుమ్ము దులుపుతూ మా ఆవిడ ఒక ప్రతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంతకీ ఇందులో ఏముందండీ?"

చెబుతానుండమని కాగితమూ కలమూ తీసుకుని కూర్చున్నాను. మొదటి వాక్యం అయింది. రెండో దాని దగ్గర ఉన్నాను.