మొదటి ఏడాది పూత

స్ట్రాబెర్రీ మొక్కలు పోస్టులో వస్తాయంటే నాన్న నమ్మలేదు. రెండేళ్ళ కిందట, ఏప్రిల్ మూడోవారంలో అట్టపెట్టె గుమ్మం ముందుకొచ్చాక కూడా నమ్మలేదు. విప్పి చూస్తే తడి కాగితంలో చుట్టి, రబ్బరుబ్యాండు వేసిన 25 మొక్కలు. మొక్కలంటే ఆకులేమీ లేవు. బొటనవేలంత మొదలు, దాని కింద కుచ్చులా వేలాడే గోధుమరంగు వేళ్ళు, అంతే. నాన్న ఒకటి చేతిలోకి తీసుకుని, మొదలు నొక్కి చూసి, "ప్రాణం ఉందిలే" అన్నాడు. కట్ట మీదున్న పేరు హనియోయ్. న్యూయార్క్ రాష్ట్రంలో ఆ పేరుతో ఒక సరస్సు ఉంది. ఆ రాష్ట్రంలోనే కార్నెల్ యూనివర్సిటీవాళ్ళు తయారుచేసిన రకం ఇది. నాన్న మటుకు ఉన్నన్నాళ్ళూ దాన్ని "హనీ, ఓయ్" అనే పిలిచాడు.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ శివార్లలో. అమ్మ పోయిన మరుసటి ఏడు నాన్న ఒక్కడే వచ్చాడు. పొద్దున్నే లేచి, కాఫీ తాగి, కిటికీ పక్కన కూర్చునేవాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా అక్కడే. నూజివీడు దగ్గర ఆరెకరాల మామిడితోటని నలభయ్యేళ్ళు చూసుకున్న మనిషి. ఏదో ఒక పని చూపించకపోతే నెల తిరక్కుండా టికెట్ మార్చమంటాడని నా భయం. ఇంకో పంతం కూడా ఉంది. షాపులో కొన్న స్ట్రాబెర్రీ ఒకటి కొరికి, "రంగు తప్ప ఏం లేదమ్మా ఇందులో" అని పక్కన పెట్టేశాడు. చెట్టున పండినది ఈయనకి తినిపించాలి అనుకున్నాను.

మొదటి పేచీ చోటు దగ్గరే వచ్చింది. పెరట్లో ఎండ బాగా పడే మడిలో నేను ఏటా టమాటా, వంకాయ, మిరప వేస్తాను. స్ట్రాబెర్రీకి రోజుకి ఆరు గంటలన్నా ఎండ కావాలి కాబట్టి అక్కడే పెడదామన్నాను. కానీ మొక్కలతోపాటు వచ్చిన కాగితంలో ఆ మూడు పేర్లూ కూడా రాసి, వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప వేసిన నేలలో మూడు నాలుగేళ్ళదాకా ఇవి పెట్టొద్దని ఉంది. వర్టిసిలియం అనే బూజు ఆ పంటల నుంచి మట్టిలో మిగిలిపోయి స్ట్రాబెర్రీని వడలగొడుతుందట. చదివి చెప్పగానే నాన్న పార తీసుకుని పచ్చికలోకి నడిచాడు. నాలుగురోజుల్లో 20 అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గడ్డి లేచిపోయింది. మట్టిలో తెల్లగా చుట్టుకుపోయిన పురుగులు కనపడితే, "వేరుశనగలో వేరుపురుగు ఇదే" అంటూ ఒక్కోటీ ఏరి డబ్బాలో వేశాడు. మా ఆయన లాను వంక చూసి ఏమీ అనలేదు.

నాటటంలో కిటుకు ఒక్కటే. మొదలు సగం లోపల, సగం బయట ఉండాలి. మునిగితే కుళ్ళుతుంది, వేళ్ళు పైకి తేలితే ఎండిపోతుంది. రెండు వరసల్లో, అడుగున్నర ఎడం. చివరికొక మొక్క మిగిలితే కంచె పక్కన మూలలో పెట్టాడు. వారానికి అంగుళం వాన పడకపోతే నీళ్ళు పెట్టాలి. ఇవన్నీ నాన్నకి ఒకసారి చెబితే చాలు.

మే నెలాఖరుకి ఆకులొచ్చాయి. వాటి మధ్యలోంచి తెల్లటి పూలు. నేను ఆఫీసునుంచి వచ్చేసరికి నాన్న మడిలో గొంతుక్కూర్చుని పూలు గిల్లుతున్నాడు.

"అయ్యో, అదేంటి నాన్నా!"

"ఆ కాగితంలో ఉందిగా. నువ్వే చదివావు."

ఉంది. జూన్‌లో కాసే రకాలకి మొదటి ఏడాది పూత తీసేయాలి, లేకపోతే వేరు బలపడదు అని. చదివినప్పుడు అది వేరేవాళ్ళకి రాసిన సంగతిలా అనిపించింది.

"రాయకపోయినా గిల్లేవాణ్ణి. మామిడి అంటుకి మూడేళ్ళు పూత నిలవనిస్తామా? చంటిపిల్ల చంకన పిల్లని పెట్టినట్టు ఉంటుంది."

"వచ్చే ఏడు కాస్తే ఎవరికి? నువ్వు ఉండొద్దూ తినడానికి?"

నాన్న చేతిలో ఉన్న పూలని మడి గట్టుమీద పోశాడు. "మొక్కకి ఆ లెక్క తెలీదమ్మా" అన్నాడు.

ఆ రాత్రి ఆయనతో వాదించడానికి సరుకు వెతుకుతూ స్ట్రాబెర్రీ చరిత్రలో పడ్డాను. ఇప్పుడు మనం తినే పెద్దకాయ అమెరికాలో పుట్టలేదు, ఫ్రాన్స్‌లో పుట్టింది. ఫ్రేజియే అనే ఫ్రెంచి ఇంజనీరు 1714లో చిలీ నుంచి కొన్ని మొక్కలు ఓడలో తెచ్చాడు. ఆయన ఇంటిపేరు కూడా ఫ్రెంచిలో స్ట్రాబెర్రీని పిలిచే మాట నుంచి వచ్చిందేనట. బతికి ఒడ్డు చేరినవి ఐదే. తీరా చూస్తే అన్నీ ఆడమొక్కలు. ఏళ్ళ తరబడి పూశాయి తప్ప సరిగా కాయలేదు. వాటి పక్కన ఉత్తర అమెరికా నుంచి వచ్చిన ఇంకో జాతిని నాటాకే కాశాయి. ఆ రెండింటికీ పుట్టిందే ఈ పండు. నాకు పనికొచ్చే వాదన అందులో ఒక్కటీ దొరకలేదు. అందరూ ఎదురుచూసినవాళ్ళే.

అందుకని దొంగతనం చేశాను. మూలనున్న మొక్క మీద పాత పూలకుండీ బోర్లించాను. పొద్దున్నే నాన్న మడి చూసి లోపలికి వెళ్ళాక తీసేదాన్ని. వారం గడిచాక ఆకుల కింద పిందెలు దిగాయి, ఇక దాచక్కర్లేకపోయింది. జూన్ ఆఖరుకి నాలుగు పండ్లు, ఉసిరికాయంత కూడా లేవు. పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళాను. నాన్న రెండు మావాడికిచ్చాడు. ఒకటి నా చేతిలో పెట్టాడు. ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"పులుపు" అన్నాడు. కాసేపాగి, "వాసన బాగుంది" అన్నాడు.

కోప్పడతాడనుకున్నాను. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. తోట పెట్టిన రెండో ఏడు, నేను అమ్మ కడుపులో ఉన్నానట. అంటుమొక్కలు నడుమెత్తు లేకుండానే పూశాయి. ఒక్కచెట్టు మీద పూత వదలమని అమ్మ అడిగింది, పుల్లటి పిందె తినాలనుందని. నాన్న వదల్లేదు. అన్నీ గిల్లేసి, పక్క తోటలోంచి బుట్టెడు పిందెలు తెచ్చి ఇచ్చాడు.

"తిందా?"

"తింది. మనవి కాదుగా అంది."

ఆ తర్వాత ఆ చెట్లు ఎన్ని టన్నులు కాశాయో నాన్నకి లెక్కలున్నాయి. ఏ ఏడు ఎంత ధర పలికిందో కూడా చెప్పగలడు. అవేవీ చెప్పలేదు. "ఒక్కదాన్ని వదిలేయాల్సింది" అన్నాడు. అమ్మ గురించి ఆయన అంతసేపు మాట్లాడటం, పోయాక అదే మొదలు.

జులై నుంచి మొక్కలు తీగలు సాచాయి. తీగ కొసన పిల్లమొక్క, దాని కింద మళ్ళీ వేరు. మొక్కకి నాలుగైదు పిల్లల్ని ఉంచి, వాటిని ఎడంగా సర్ది, మిగతావి కత్తిరించాడు నాన్న. జూన్‌లో కాసే రకాలకి మరుసటేటి పూమొగ్గలు ముందటేడు శరదృతువులో, పగళ్ళు కురచయ్యేటప్పుడే మొదళ్ళలో కట్టుకుంటాయి. అంటే నాన్న గొట్టం పట్టుకుని నీళ్ళు పెడుతున్న ఆ సెప్టెంబరు సాయంత్రాల్లోనే. అక్టోబరు మొదటివారంలో ఆయన వెళ్ళిపోయాడు. డిసెంబర్లో నేల గడ్డకట్టబోయే ముందు మడి మీద నాలుగంగుళాల గోధుమగడ్డి నేను పరిచాను. వసంతంలో ఆకు లేవగానే పక్కకి లాగాను.

మే మొదట్లో మడంతా తెల్లగా పూసింది. ఒకరాత్రి మంచు కొడుతుందన్నారు. మంచుకి మధ్యలో నల్లబడిన పువ్వు ఇక కాయ కట్టదు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా నాలుగడుగుల మేర మిగిలింది. నాన్న మరిచిపోయిన పంచె ఒకటి బీరువాలో కనిపించింది. దాన్ని పరిచి, చివర్లకి రాళ్ళు పెట్టాను. తెల్లారి అది అట్టలా బిగుసుకుపోయి ఉంది. కింద పూలు బాగానే ఉన్నాయి.

జూన్‌లో మూడువారాలపాటు కాశాయి. వంటింటి తూకం మీద పదకొండు కిలోలు. పక్కింటివాళ్ళకి, ఆఫీసుకి, జాముకి. ఎండకి వెచ్చబడ్డ పండు అక్కడికక్కడే కోసి తింటే షాపుపండుకీ దానికీ చుట్టరికం కూడా లేదనిపిస్తుంది. నాన్న రాలేదు. మార్చిలో గుండెకి స్టెంటు వేశారు, అంతదూరం ప్రయాణం వద్దన్నారు. వీడియో కాల్‌లో ఫోను మడి పొడవునా తిప్పి చూపించాను.

"మూలది ఎట్లా ఉంది?"

మూలది పీలగా ఉంది. పక్కవాటికి మూడోవంతు ఆకు, ఆరేడు కాయలు. అది పూత ఉంచినందువల్లో, కంచెనీడవల్లో నేను చెప్పలేను.

"బతికే ఉంది నాన్నా" అన్నాను.

"కాపయ్యాక అన్నింటి ఆకూ కోసెయ్యి. మొదలు తెగకుండా, పైన అంగుళం వదిలి. మళ్ళీ చిగురేస్తాయి" అన్నాడు. కాగితంలో అలాగే ఉంది. అది ఆయన వెంట తీసుకెళ్ళాడని అప్పుడు తెలిసింది.

ఇలాంటి మడి నాలుగైదేళ్ళకి మించి బాగా కాయదు. అందుకని ఈ ఏప్రిల్‌లో కొత్తచోట ఇంకో పది మొక్కలు నాటాను. మొన్న శనివారం పూత కనిపించింది. తొమ్మిదింటికి గిల్లేశాను.