ట్యాంకు నిండిన తరువాత

ఉదయం గృహదర్శనాలకు నాచారం వీధుల్లో నడిచే మాకు, నల్లా వచ్చిన రోజు ఏదో ఒకరు చెప్పనక్కరలేదు. మిద్దెలమీది ట్యాంకులు నిండి పొర్లి, రోడ్డంతా నీళ్లే. మోటారు వేసినవారు లోపల టీ త్రాగుతూ ఉంటారు.

ఆ నీళ్లు ఎక్కడివి? ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చాలక, 2004 నుండి కృష్ణానీటిని నాగార్జునసాగర్ వైపునుండి వంద కిలోమీటర్లకు పైగా, మోటార్లతో ఎత్తిపోసి నగరానికి తెస్తున్నారు. అంత దూరం వచ్చిన నీరు మన గుమ్మం ముందు మురుగుకాలువలో కలుస్తుంది. 2021 జనవరిలో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితమైనాయి. బీదలకు అది మేలే. అయితే బిల్లు రాని నీటిని ఎవరు చూస్తారు?

పారిశ్రామికవాడ ప్రక్కన అద్దె గదుల్లో ఉండే కార్మికులకు ట్యాంకులు లేవు, డ్రమ్ములూ బిందెలే. అక్కడ ఒక సహోదరి బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు పోస్తుంది. బట్టలు జాడించిన నీళ్లతో బాత్రూము కడుగుతుంది. మెచ్చుకొన్నాము. "పొదుపేమి కాదు అయ్యగారూ, రేపు నల్లా రాదు కదా" అన్నది.

ఆ వీధిలోనే ఒక మేడవారు ట్యాంకు నిండగానే మ్రోగే గంట పెట్టించారు. కుటుంబ ప్రార్థన మధ్యలో అది మ్రోగితే వారి చిన్నవాడు కళ్లు తెరచి మోటారు దగ్గరకు పరుగెత్తుతాడు. మేము అడ్డు చెప్పము.