గోడలోని కాపురం

మామిడి పూత రాలి పిందె కట్టే రోజుల్లో పాత ఇళ్ళ గోడల దగ్గర కొత్త రాకపోకలు మొదలవుతాయి. కిటికీ చట్రానికీ గోడకీ మధ్య వేలెడు బీట ఉంటుంది. లేదా కరెంటు మీటరు వెనక తీగ కోసం తొలిచిన రంధ్రం. అక్కడ నాలుగైదు తేనెటీగలు వాలతాయి. లోపలికి వెళ్తాయి, వస్తాయి, మళ్ళీ వెళ్తాయి. ఇంట్లోవాళ్ళు పట్టించుకోరు. కొద్ది రోజులకే వేల ఈగలు జోరుమంటూ దిగి, చూస్తుండగానే ఆ బీటలోకి ఇంకిపోతాయి.

ఇక ఇంట్లో గాభరా. ఒకరు కిరసనాయిలు అంటారు, ఒకరు కాగడా అంటారు, ఇంకొకరు పురుగుమందు కొట్టేవాళ్ళకు ఫోను చేస్తారు. ఆ గాభరాను నేను తప్పుపట్టను. పసిపిల్లలున్న ఇళ్ళుంటాయి, ఒక్క ఈగ కుట్టినా ఒళ్ళు వాచి ఊపిరాడని మనుషులుంటారు. కానీ ఫోను చేసేముందు ఆ వచ్చినవి ఏవో, ఎందుకు వచ్చాయో తెలుసుకోవడం మన ధర్మమని నా నమ్మకం.

మన తేనెటీగలన్నీ గోడల్లో దూరవు. కొండ తేనెటీగ బండ చరియకో, పెద్ద చెట్టు కొమ్మకో, నీళ్ళ ట్యాంకు అడుగునో ఒకే ఒక పెద్ద పెర వేలాడదీస్తుంది. చిన్న తేనెటీగ కంచె కంపలో అరచేతంత పెర పెట్టుకుంటుంది. చీకటి కోరేది పుట్ట తేనెటీగ. పాడుపడ్డ చెదపుట్టలో, చింతచెట్టు తొర్రలో, పాత బావి రాళ్ళ సందులో అది పక్కపక్కనే, ఒకదానికొకటి తగలకుండా పెరలు కడుతుంది. ఆ చెట్లు కొట్టేశాం, పుట్టలు చదును చేశాం, బావులు పూడ్చేశాం. ఇక దానికి మిగిలిన చీకటి మన గోడల్లోనే ఉంది.

ఆ చీకటిని అది ఊరికే ఎంచుకోదు. 1949లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో, తేనెటీగల శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ శిష్యుడు మార్టిన్ లిండావర్ పొదకు వేలాడుతున్న తేనెటీగల గుంపు ఒకటి చూశాడు. గుంపు మీద కొన్ని ఈగలు నాట్యం చేస్తున్నాయి. మేత ఎక్కడుందో చెప్పే నాట్యమే అది. కానీ వీటి ఒంటిమీద పుప్పొడి లేదు. కొన్నిటికి మసి అంటింది, కొన్నిటికి ఎర్రటి ఇటుక పొడి. యుద్ధంలో కూలిన ఊళ్ళో గోడల సందుల్లో, పొగగూళ్ళలో దూరి ఇల్లు వెతికి వచ్చిన ఈగలవి. తాము చూసిన జాగా సంగతి తోటివాటికి చెబుతున్నాయి. తర్వాత అమెరికాలో థామస్ సీలీ ఈ ఎంపికను ఏళ్ళ తరబడి పరిశీలించాడు. ఐరోపా తేనెటీగ సుమారు 40 లీటర్ల జాగా, చిన్న ద్వారం, నేలకు ఎత్తు కోరుతుందని తేల్చాడు. వెతకబోయిన ఈగ ఆ చీకట్లో అరగంటకు పైగా తిరిగి చోటును కొలుచుకుంటుంది. మన పుట్ట తేనెటీగ ఇంకా చిన్నది, దానికి అంత జాగా అక్కర్లేదు. ఇంత విచారించి కట్టుకున్న ఇల్లు అది. దాని ముందు కాగడా పట్టిన చెయ్యి ఒక్క క్షణమైనా ఆగాలి.

గోడలోంచి గుంపును తీయక తప్పనప్పుడు మొదటి పని వినడం. ఈగలు దూరే రంధ్రం ఒకచోట, పెరలు మరోచోట ఉండవచ్చు. గోడకు చెవి ఆనిస్తే హోరు ఎక్కడ ఎక్కువో తెలుస్తుంది. పూత పలచగా ఉంటే అరచేతికి వెచ్చదనం తగులుతుంది. పిల్లలున్న పెరలను ఈగలు 34, 35 డిగ్రీల వేడిలో ఉంచుతాయి మరి. గోడ తెరవడానికి వీలుంటే పని త్వరగా తేలుతుంది. ముందు కాస్త పొగ పెడతారు. పొగ సోకగానే ఈగలు తేనె తాగి మెత్తబడతాయి. కుట్టిన ఈగ వదిలే హెచ్చరిక వాసన, అచ్చం అరటిపండు వాసన, పొగలో మరుగున పడుతుంది. తర్వాత పెరలు ఒక్కొక్కటే కోసి, పిల్లలున్నవాటిని తలకిందులు కాకుండా ఫ్రేములకు అరటినారతో కట్టి పెట్టెలో అమరుస్తారు. రాణి చిక్కితే గుంపు వెంట వస్తుంది. ఆ పెట్టె వెనక కూడా ఒకరి శ్రద్ధ ఉంది. ఫాదర్ న్యూటన్ అనే మతగురువు 1911, 1917 మధ్య తమిళదేశంలో మన పుట్ట తేనెటీగకు తగిన చిన్న పెట్టె రూపొందించాడు. దక్షిణాదిలో దాన్ని ఇవాళ్టికీ న్యూటన్ పెట్టె అంటారు.

రాతి గోడ, గుడి గోపురం, పచ్చని చెట్టు తొర్ర అయితే పగలగొట్టడం కుదరదు. ఈ విద్యలోని అసలు అందం నాకు అక్కడే కనిపిస్తుంది. మిగతా సందులన్నీ మూసి, ఉంచిన ఒక్క దారికి ఇనుప జల్లెడతో చేసిన గరాటు బిగిస్తారు. మొదలు వెడల్పు, కొస ఈగ పట్టేంత సన్నం. మేతకు వెళ్ళే ఈగ కొసలోంచి బయటపడుతుంది. తిరిగొచ్చినప్పుడు అలవాటైన చోటికే, గరాటు మొదట్లోకే వస్తుంది. గాల్లో ఉన్న కొసను వెతుక్కోదు. పక్కనే ఒక పెట్టె, అందులో అదే జాతి గుంపు నుంచి తెచ్చిన గుడ్లూ పిల్లపురుగులూ ఉన్న పెర. బయట చిక్కుకున్న ఈగలు ఆ పెట్టెలో చేరి, తమవి కాని పిల్లలను సాకడం మొదలుపెడతాయి. ఆ లేత పురుగుల్లోంచే తమకో రాణిని పెంచుకుంటాయి.

గుడ్డు ఈగ కావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. లోపలి చివరి పిల్లకు కూడా రెక్కలు వచ్చేదాకా ఆగాలంటే నెల పైమాటే. పెట్టెకు ఎండ తగిలినా, చీమలు పట్టినా పుట్ట తేనెటీగ అలిగి ఎగిరిపోతుంది. అందుకని పెట్టెను నీడలో, కాళ్ళను నీళ్ళ పళ్ళాల్లో ఉంచి, అవసరమైతే పంచదార పాకం పెట్టాలి. లోపలి పాత రాణి చాలాసార్లు బయటికి రాదు. ఆ నష్టం ఈ పద్ధతిలో ఉంది. చివర్లో గరాటు తీసేస్తే, అవే ఈగలు గోడలో మిగిలిన తేనెను మోసుకొచ్చి పెట్టెలో దాచుకుంటాయి. ఇక రంధ్రాన్ని గట్టిగా మూసేయాలి. లేకపోతే పాత మైనం వాసనకు ఇంకో గుంపు వస్తుంది.

మందు కొడితే ఈగలు చస్తాయి, పెరలు మాత్రం గోడలోనే ఉంటాయి. రెక్కలతో విసిరి చల్లబరిచే ఈగలు లేక మైనం మెత్తబడి తేనె కారుతుంది, చచ్చిన పిల్లలు కుళ్ళుతాయి. ఆ విషపు తేనెను దోచుకోవడానికి వచ్చిన పొరుగు గుంపులూ చస్తాయి.

1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో పుట్ట తేనెటీగల పెట్టెలను దాదాపు ఖాళీ చేసింది. తట్టుకున్న కొద్ది గుంపుల నుంచే ఆ జాతి మళ్ళీ పుంజుకుంది. అందుకే గోడలో దూరిన ప్రతి అడవి గుంపూ నాకు విలువైనదిగా తోస్తుంది. రేపటి జబ్బును తట్టుకునే బలం అందులోనే ఉండవచ్చు. మన పంటలకూ ఈ ఈగలు కావాలి. అరకు కొండల్లో పొలాలను పసుపు చేసే వలిసె పువ్వు సొంత పుప్పొడితో గింజ కట్టలేదు, ఈగ వచ్చి వాలాల్సిందే. దోస పాదుదీ గుమ్మడి పాదుదీ కూడా అదే అవసరం.

ఎవరికీ అడ్డం కాని ఎత్తులో ఉంటే ఆ ఈగలను అలాగే ఉండనివ్వండి. ఉండనివ్వలేకపోతే తేనెటీగలు పెంచేవారిని పిలిచి, వారు అడిగిన గడువు ఇవ్వండి. దానికయ్యే ఖర్చును దయ అనుకోవద్దు. మన పాదుల్లో కాసిన ప్రతి కాయకూ వాటికి పడ్డ బాకీలో అది చిన్న వాయిదా.