ఎవరో, ఎవరూ, ఎవరైనా

‘ఎవరు’ అనే ప్రశ్న తీసుకోండి. చివర ‘ఓ’ తగిలిస్తే ఎవరో. ‘ఊ’ తగిలిస్తే ఎవరూ. ‘ఐనా’ తగిలిస్తే ఎవరైనా. ఏది, ఎక్కడ, ఎప్పుడు - దేనికి తగిలించినా దాదాపు అదే వరస. ఎంత శుభ్రమైన కోడో చూడండి! ‘ఎప్పుడూ’ ఒక్కటే కొంచెం తిక్కది. ‘ఎప్పుడూ వస్తాడు’ అంటే మానకుండా వస్తాడని, ‘ఎప్పుడూ రాడు’ అంటే అసలు రాడని.

ఇదే పని ఇంగ్లీషులో చేసే సమ్‌బడీ, ఎనీబడీ, నోబడీ, ఎవ్రీవన్ చాలా చిన్న పదాలు. కానీ మాక్ జీడీల్లో మనవాళ్ళని ఎక్కువగా పడేసేవి అవే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నా రూమ్మేట్ ఓసారి ‘ఎనీబడీ డిడ్ నాట్ కమ్’ అన్నాడు. వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత రెండు నెలలు వాడు సెషన్లలో నోరు తెరవలేదు. సర్క్యూట్లలో మా బ్యాచ్ అందరి డౌట్లూ తీర్చేవాడు వీడే! ఆ నవ్వు కంటే, వాడికి దొరికిన ఉచిత సలహా నాకు ఎక్కువ మండింది: “తెలుగులో ఆలోచించడం మానెయ్.”

నేనైతే ఇంకాస్త గట్టిగా తెలుగులో ఆలోచించమంటాను.

‘ఎవరూ రాలేదు’లో కాదనే సంగతి ఎక్కడుంది? వాక్యం చివర, క్రియలో. మనకి తొందర లేదు, చివరిదాకా ఆగి చెప్తాం. ఇంగ్లీషులో కర్త దగ్గరే తేల్చెయ్యాలి: నోబడీ కేమ్. ‘లేదు’ వెళ్ళి ముందు పదంలో కూర్చుంది కాబట్టి క్రియ మామూలుగా ఉండిపోతుంది. ‘ఎనీబడీ’కి ‘ఎవరూ’ అనే అర్థం రావాలంటే దానికంటే ముందే ఒక నాట్ ఉండాలి. ‘ఐ డిడ్ నాట్ సీ ఎనీబడీ’ అందుకే సరైనది. వాక్యం ఎనీబడీతోనే మొదలైతే నాట్ వెనకబడిపోతుంది. పైగా ‘ఎనీబడీ కెన్ కమ్’ అంటే ‘ఎవరైనా రావచ్చు’. మనం ఎవరూ, ఎవరైనా అని విడగొట్టుకున్న రెండు పనులూ అక్కడ ఆ ఒక్క పదమే చేస్తుంది. మావాడు ఏ మాటకామాట వరసగా పెట్టాడు, అంతే. లాజిక్ తెలుగుది, పక్కాగా ఉంది.

ఇక ‘నోబడీ డిడ్ నాట్ కమ్’ అంటే రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అయిపోతుంది, రానివాళ్ళు లేరని. తమాషా ఏంటంటే చాసర్, షేక్‌స్పియర్ రాతల్లో కూడా ఒక్క ‘కాదు’ కోసం రెండేసి నెగెటివ్‌లు కనిపిస్తాయి. ఈ మైనస్‌ల లెక్కని 18వ శతాబ్దపు వ్యాకరణాలు గట్టిగా పట్టుకున్నాయి.

‘ఎవ్రీవన్ ఆర్’ కథ వేరు. అందరూ వచ్చారు, ప్రతి ఒక్కరూ వచ్చారు. తలుపు తట్టింది ఒక్క మనిషే అయినా ‘ఎవరో వచ్చారు’. ముఖం చూడని మనిషికి కూడా ‘రు’ పెట్టే మర్యాద మనది. ‘ఎవడో వచ్చాడు’ అన్నామంటే అప్పటికే చులకన చేసినట్టు. ఇంగ్లీషులో పదం తోక చూడాలి: వన్, బడీ, థింగ్. మూడూ ఏకవచనాలే. హాల్లో 500 మంది ఉన్నా సరే, ఎవ్రీవన్ ఈజ్.

అంత కచ్చితంగా ఉన్నవాళ్ళు అదే వాక్యం పూర్తయ్యేలోపు మన దారికి వస్తారు. ‘ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్ దెయిర్ ఐడీ కార్డ్.’ హిజ్ అంటే అమ్మాయిలు పోతారు, హర్ అంటే అబ్బాయిలు పోతారు మరి. ఇలాంటి దెయిర్ కొత్త ఫ్యాషనేం కాదు, 14వ శతాబ్దం నుంచే ఉంది. మనకా తంటా లేదు. ఎవరి కార్డు వాళ్ళు తెచ్చుకోండి.

ఇదంతా హాస్టల్ మెట్ల మీద చెప్తుంటే మావాడు మధ్యలో ఆపాడు. “మనిషి ఎవరో తెలుసు, పేరు చెప్పడం ఇష్టం లేదనుకో. అప్పుడు?”

మంచి ప్రశ్న. ‘ఎవరో’ అంటే మామూలుగా నాకు తెలియదనే అర్థం. తెలిసుంటే ‘ఒకరు’ అంటాం. ఇంగ్లీషు సమ్‌వన్‌కి ఆ తేడా లేదు, తెలిసినా తెలియకపోయినా చెల్లుతుంది.

“అయితే ‘సమ్‌వన్ లాఫ్డ్ ఎట్ మీ’ అనొచ్చు” అన్నాడు.