పెదాలు కదిపినం

2001. బీఏ చదువుతున్నం. పాతబస్తీ నుంచి నలుగురం సికింద్రాబాదుల ఒక చిన్న క్లబ్బుకు రాక్ వినడానికి పోయినం. ఇంట్లో అమ్మీకి కితాబులకని చెప్పి తెచ్చిన పైసలు!

డ్రమ్ము దెబ్బ ఛాతీల పడుతుంటే మాకు కొత్తేం అనిపించలే. మా షాదీల్ల మర్ఫా అంతకన్నా జోరు. ఇంగ్లీషు పాటలకు ఊరికె తలలూపినం.

ఇంతల ‘జునూన్’ వాళ్ల ‘సయోనీ’ ఎత్తుకున్నరు. 1997ల వచ్చిన ఆ పాట మాకు మొత్తం నోటికొచ్చు. హాలంతా పాడుతున్నది. మేమూ గొంతులు చించుకున్నం.

పక్కనున్న క్లాసు దోస్తు చెవిల అరిచిండు: “మీ పాకిస్తాన్ పాటే గదా, మీకు రాకపోతే ఎవరికొస్తది!”

వానికీ ప్రతి మాటా వచ్చు. నవ్విండు. మేమూ నవ్వినం.

ఆ మోతల ఎవరికీ తెల్వలే గానీ, పాట అయిపోయేదాకా మేం ఉత్త పెదాలే కదిపినం.